డేటా అనలిటిక్స్ చదవడానికి గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలా? తార్నాకలో మా తమ్ముడికి చెప్పిన జవాబు

"అన్నా, ఆర్‌టీఎక్స్ 4060 తీసుకోవాలా, 4050 సరిపోతుందా?"

మల్కాజ్‌గిరిలో ఉండే మా పిన్ని కొడుకు పంపిన మెసేజ్ ఇది. వాడు గేమర్ కాదు. డిగ్రీ ఫస్ట్ ఇయర్, మ్యాథ్స్-స్టాటిస్టిక్స్-డేటా సైన్స్ గ్రూపు. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు డేటా సైన్స్ అనే మాట చూసి టిక్ పెట్టేశాడు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఈ కోర్సు నడవదని క్లాసులో ఎవరో చెప్పారట. బాబాయ్ చిట్టీ ఎత్తి లక్ష రూపాయలు పక్కన పెట్టారు. ల్యాప్‌టాప్ కాకపోతే, ఆ డబ్బు అమీర్‌పేటలో 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' కోచింగ్‌కి కట్టాలని ఇంకో ప్లాన్.

లక్ష రూపాయల విషయం వాట్సాప్‌లో తేల్చలేం కదా. శనివారం తార్నాకకి రమ్మన్నాను. నేను ఓయూలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి, ఆరేళ్లుగా డేటా అనలిస్ట్‌గా పనిచేస్తున్నాను. లాలాపేట మీదుగా వాడొచ్చాక చాయ్ తాగి క్యాంపస్‌లోకి నడిచాం. ఆర్ట్స్ కాలేజ్ దగ్గర చెట్టు కింద కూర్చుని నా పాత ల్యాప్‌టాప్ తీశాను. ఐ5, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒక కీ కూడా ఊడిపోయింది.

ముందు 20 లక్షల వరుసలున్న ఒక సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో ఓపెన్ చేయమన్నాను. కాసేపు తిరిగి, డేటా మొత్తం పట్టదని వార్నింగ్ ఇచ్చింది. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి, ల్యాప్‌టాప్ ఎంత ఖరీదైనదైనా సరే. పాత ఎక్స్‌ఎల్ఎస్ ఫార్మాట్‌లో అయితే 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ రిపోర్టులు ఈ పాత ఫార్మాట్‌లోకి ఎక్కిస్తుంటే 15,841 కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. అక్కడ కంప్యూటర్లకి కొదవేం లేదు, టూల్ లిమిట్ ఎవరూ చూసుకోలేదంతే.

తర్వాత అదే ఫైల్‌ని ఎస్‌క్యూలైట్‌లోకి ఎక్కించి, ఏరియా వారీగా అమ్మకాలు కూడే క్వెరీ రాశాను. నా పాత డబ్బాలోనే జవాబు వచ్చేసింది. ఈ ఎస్‌క్యూలైట్ మీ జేబులోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాంటాక్ట్‌లు, ఎస్ఎంఎస్‌లు దాచేది అదే.

కానీ జవాబులో ఒక చిక్కుంది. మల్కాజ్‌గిరి, మల్కాజిగిరి, మల్కాజ్ గిరి, ఎం.గిరి... ఇవన్నీ వేర్వేరు ఏరియాలుగా వచ్చాయి. కొన్ని వరుసల్లో ఊరి పేరే లేదు, 500047 అని పిన్‌కోడ్ ఒక్కటే ఉంది. "ఇదేంది అన్నా, మా ఏరియా ఇన్ని ముక్కలైంది?" అన్నాడు. అనలిస్ట్ ఉద్యోగంలో ఎక్కువ టైమ్ పోయేది ఇక్కడే. రీల్స్‌లో కనిపించే రంగురంగుల డ్యాష్‌బోర్డు వెనక ఇలాంటి చాకిరీ చాలా ఉంటుంది. ఇది విసుగనిపించేవాళ్లు ఈ ఫీల్డ్‌కి రాకముందే ఒకసారి ఆలోచించుకోవడం మంచిది. నిజం చెప్తున్నాను, నాకైతే ఇదే ఇష్టం.

వాడికి స్టాటిస్టిక్స్ పేపర్ అంటే చిరాకు. పైథాన్ వస్తే చాలు కదా అంటాడు. మన సైట్ రీడర్లకి బాగా తెలిసిన ప్రశ్నే అడిగాను: ఒక ఇయర్‌బడ్స్‌కి 4.7 రేటింగ్, ఇచ్చింది 14 మంది. ఇంకోదానికి 4.3, ఇచ్చింది 9,000 మంది. ఏది కొంటావ్? వెంటనే 4.7 అన్నాడు. ఇంకో ఇద్దరు వచ్చి ఒక్కో స్టార్ ఇచ్చారనుకో, ఆ 4.7 కాస్తా 4.2కి పడిపోతుంది. 9,000 మంది ఇచ్చిన రేటింగ్‌ని అదే ఇద్దరు కదిలించలేరు. వాడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి చెక్ చేసుకున్నాడు. స్టాండర్డ్ ఎర్రర్ అని వాడి సిలబస్‌లో ఉన్నది దీని గురించే.

కొద్దిపాటి డేటా నుంచి వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పిన పేపర్ 1945లో వచ్చింది. రాసింది ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన సి.ఆర్. రావు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. గచ్చిబౌలి వైపు ఆఫీసులకు వెళ్లే ఎంతోమంది ఆయన పేరున్న రోడ్డు మీదే రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

ఇక ఉద్యోగాలు. డేటా సైంటిస్ట్ అనే టైటిల్ ఫ్రెషర్‌కి నేరుగా దొరకడం కష్టం. ఎక్కువగా ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, జూనియర్ అనలిస్ట్, రిపోర్టింగ్ అనే పేర్లతో మొదలవుతుంది. ఎస్‌క్యూఎల్ గట్టిగా వస్తే అక్కడి నుంచి బీఐ డెవలపర్, డేటా ఇంజినీర్ వైపు జరగొచ్చు. తార్నాకలో బ్లూ లైన్ ఎక్కితే రైలు మారకుండా రాయదుర్గంలో దిగొచ్చు కాబట్టి అందరి కళ్లూ అటువైపే. కానీ ఈ పక్కనే ఉన్నవీ చూడండి. 1972లో మొదలైన నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరో తార్నాకలోని ఎన్ఐఎన్ నుంచే నడిచింది, ఊళ్లలో జనం ఏం తింటున్నారో సర్వేలు చేసింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సెంటర్ హబ్సిగూడలోనే ఉంది. యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉండాలి. మూణ్నెల్ల సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. వాడు చిరాకు పడుతున్న సబ్జెక్టే వాడికి ఈ దారి తెరిచి పెట్టింది.

కోచింగ్ విషయంలో నాకు సొంత అనుభవం ఉంది. ఎమ్మెస్సీ అయ్యాక ఓ ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టాను. గ్యారంటీ అంటే ఇంటర్వ్యూ కాల్స్ పంపడమేనని ఆఖర్లో తెలిసింది. నేర్పినవన్నీ ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంకో డిగ్రీయే కావాలనుకుంటే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ ఉంది, జేఈఈ అక్కర్లేదు, క్వాలిఫయర్ పాసైతే చాలు. ఇప్పుడు ఏఐ కూడా క్వెరీలు రాసిపెడుతోంది. అయితే మల్కాజ్‌గిరి, ఎం.గిరి ఒకటేనా అని సరిచూడాల్సింది మాత్రం మనమే.

స్పెక్స్ దగ్గరికొద్దాం. 16 జీబీ ర్యామ్ లేదా తర్వాత పెంచుకునే స్లాట్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఐ5 లేదా రైజెన్ 5 స్థాయి ప్రాసెసర్. విండోస్ ఎందుకంటే పవర్ బీఐ డెస్క్‌టాప్ మ్యాక్‌లో నేరుగా నడవదు. డీప్ లెర్నింగ్ చేసేరోజు వస్తే గూగుల్ కోల్యాబ్‌లో ఫ్రీగా జీపీయూ దొరుకుతుంది, కాకపోతే వాడకానికి లిమిట్ ఉంటుంది. ఇదంతా బాబాయ్‌కి ఫోన్‌లో చెప్తే, "అంటే చిట్టీ డబ్బు మిగుల్తదా?" అని ఒకటే ప్రశ్న అడిగారు. దాదాపు సగం మిగిలింది.

ల్యాప్‌టాప్ ఆర్డర్ పెట్టారు, ఇంకా రాలేదు. ఈలోగా వాడు తన ఫోన్ బ్యాటరీ రోజుకి ఎంత తగ్గుతోందో గూగుల్ షీట్స్‌లో రాసుకోవడం మొదలుపెట్టాడు. మొన్న రాత్రి మెసేజ్ వచ్చింది: "అన్నా, ఆదివారాలు ఎక్కువ తగ్గుతోంది. కానీ రెండు వారాల డేటానే ఉంది, అంటే ఆదివారాలు రెండే. చెప్పొచ్చా మరి?"