మంద్రస్వరానికి తగిన తీగె

"దూరపు కొండలు నునుపు" అన్న సామెత మనకు తెలియనిది కాదు. బేస్ గిటారు తీగెల విషయంలో ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. వేదిక ముందు కూర్చున్నవారికి ఆ నాలుగు తీగెలూ ఎప్పుడు చూచినా ఒకే తీరుగా, నున్నగా కనిపిస్తాయి. దగ్గరకు వెళ్ళి వేలితో తడిమినప్పుడే ఒక రకం ఆకురాయివలె గరుకుగాను, మరొక రకం అద్దంవలె నునుపుగాను ఉంటుందని తెలుస్తుంది. ఈ భేదం స్వల్పంగా తోచవచ్చును. కాని పాటలోని మాట శ్రోత చెవిని చేరుతుందా, లేదా అనేది కొంతవరకు దీనిపైననే ఆధారపడి ఉన్నది.

మన కళాశాల వాద్యబృందానికి ఉన్నది ఒక్కటే బేస్ గిటారు. గడచిన వార్షికోత్సవంలో ఒక విద్యార్థి ఉర్దూ గజల్‌ను, ఒక విద్యార్థిని తెలుగు లలితగీతాన్ని ఆలపించారు. వారి గళంలో లోపం లేదు. సాధనలోను లోపం లేదు. అయినప్పటికీ వెనుక వరుసలలోని తల్లిదండ్రులకు చరణాలు స్పష్టంగా వినరాలేదు. వాదకుని వేలు తీగెపై జరిగినప్పుడల్లా ధ్వనివర్ధకం నుండి వెలువడిన గీరుడు శబ్దం సరిగ్గా గజల్ రదీఫ్ మీదనే పడింది. మెరుపును చూచి ఆ గరుకు తీగెలను ఎంచినవారిలో మేమూ ఉన్నాము గనుక ఆ దోషంలో మాకును భాగమున్నది. కమిటీవారు కొత్త తీగెలకు సొమ్ము మంజూరు చేయదలచిన ఈ సమయంలో మేము తెలుసుకొన్న నాలుగు మాటలు ఇక్కడ పొందుపరచుట మా విధి అని భావిస్తున్నాము.

బేస్ గిటారులోని నాలుగు తీగెలలో అన్నిటికన్న లావైనది సెకనుకు సుమారు 41 సార్లు, సన్ననిది 98 సార్లు కంపిస్తాయి. తీగె పొడవు, బిగువు మార్చకుండా స్వరాన్ని ఒక స్థాయి దించాలంటే తీగె బరువును నాలుగు రెట్లు పెంచవలసి ఉంటుంది. అందుకోసం ఉక్కు తీగెను ఊరక లావు చేస్తే అది కడ్డీవలె బిరుసెక్కి అపస్వరం పలుకుతుంది. కనుక సన్నని ఉక్కు తీగెను నడుమ ఉంచి, దానిచుట్టూ మరొక తీగెను చుడతారు. బరువు పెరుగుతుంది, సాగే గుణం మాత్రం చెడదు.

ఈ పైచుట్టునుబట్టియే తీగెల జాతి ఏర్పడుతుంది. గుండ్రని తీగెతో చుట్టినది రౌండ్‌వౌండ్. చుట్టుకు, చుట్టుకు నడుమ సన్నని గాళ్ళు ఉంటాయి. వేలు వానిపై జరిగితే గీరుడు శబ్దం పుడుతుంది. బద్దవలె పలుచగా సాగగొట్టిన లోహపు పట్టీతో, సందు లేకుండా చుట్టినది ఫ్లాట్‌వౌండ్. దీనిపై వేలు నిశ్శబ్దంగా జారుతుంది. గుండ్రని చుట్టును పైపైన అరగదీసి నునుపు చేసిన మధ్యరకం కూడా ఉన్నది.

నాదంలోని భేదం మరింత ముఖ్యమైనది. రౌండ్‌వౌండ్ తీగె మూలస్వరంతోపాటు దాని పైస్వరాలను కూడా గలగలమని పలికిస్తుంది. ఫ్లాట్‌వౌండ్‌లో ఆ పైస్వరాలు త్వరగా అణగిపోయి, మూలస్వరం గుండ్రంగా నిలుస్తుంది. మానవుని మాటలో స, ష, త, క వంటి హల్లులను గుర్తింపజేసే ధ్వనులు ఎక్కువగా సెకనుకు 2 వేల కంపనాలకు పైబడి ఉంటాయి. తీగె గలగల, వేలి గీరుడు కూడా ఆ తావునకే వచ్చి చేరితే ఉర్దూలోని షీన్, ఖే అక్షరాలైనను, తెలుగులోని ఒత్తులైనను మరుగున పడిపోవడంలో వింత ఏమున్నది?

చరిత్ర చూచినను ఈ విషయమే తేటపడుతుంది. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను విపణిలోకి తెచ్చిన తరువాత చాలా ఏండ్లు ఫ్లాట్‌వౌండ్ తీగెలదే రాజ్యం. 1960ల నడుమ ఇంగ్లండులో జాన్ ఎంట్విసిల్ వంటి రాక్ వాదకుల కోరికపై గలగలలాడే రౌండ్‌వౌండ్ ప్రాచుర్యం పొందింది. కాని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ (1936-1983) లావైన ఫ్లాట్‌వౌండ్ తీగెలనే వాడేవాడు. తెగితే తప్ప మార్చేవాడు కాడని ప్రసిద్ధి. గాయకుని మాట పైన, ఆయన స్వరం క్రింద. ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఈ నునుపు మనకు కొత్తదేమీ కాదు. వాయులీనపు క్రింది తీగెను తడిమి చూడండి. కమాను జారవలెను గనుక దాని పైచుట్టు నున్నగానే ఉంటుంది. వాద్యం పరదేశానిదైనా తీగెను మన సంగీతానికి అనువుగా మార్చుకోవచ్చునని పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) నిరూపించారు. మాండొలిన్‌కు ఉండే నాలుగు జంట తీగెలకు బదులు ఐదు ఒంటి తీగెలు అమర్చి, విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక గమకాలను పలికించారు. తీగె ఎంపిక దుకాణదారుని పని కాదు, సంగీతజ్ఞుని పని అని దీనివలన గ్రహించవలెను.

ఇక కొనుగోలు సంగతి. మొదట గుర్రం నుండి దండి పైకొస వరకు తీగె కంపించే పొడవు కొలవాలి. పెద్ద వాద్యాలకు ఇది 34 అంగుళాలు, చిన్నవానికి 30 అంగుళాల ప్రాంతంలో ఉంటుంది. దానికి తగిన తీగెలనే అడగాలి. రెండవది బిగువు. నాలుగు తీగెలు కలిసి దండిని రమారమి 60 నుండి 90 కిలోల బరువుతో లాగుతాయి. తీగె లావును అంగుళంలో వెయ్యోవంతులలో చెబుతారు. 45 నుండి 105 వరకు ఉండేది సాధారణమైన జత. మన వాద్యం పాతది, విద్యార్థుల వేళ్ళు కొత్తవి. కనుక 43 నుండి 100 వరకు గల, బిగువు తక్కువైన జత మేలు. లావైనవి వేస్తే దండి వంగే ప్రమాదం ఉన్నది. మూడవది లోహం. బేస్ గిటారులో నాదాన్ని గ్రహించేది అయస్కాంతం. కనుక తీగెలో ఉక్కు ఉండి తీరాలి. చవక అని వీణకు వాడే ఇత్తడి తీగె తగిలిస్తే అది మూగదై కూర్చుంటుంది. నాలుగవది అమరిక. ఫ్లాట్‌వౌండ్ తీగెను బిరడ వద్ద ముందు మడిచి, పిదపనే కత్తిరించాలి. లేనిచో పైచుట్టు విడిపోతుంది.

వెల ఎక్కువ కదా అని కమిటీ పెద్దలు సందేహించవచ్చును. వెల ఎక్కువైన మాట నిజమే. అయితే అడవి అంచున ఉన్న మన అశ్వారావుపేటలో వర్షాకాలపు తేమ ఎంతటిదో అందరికీ తెలుసు. రౌండ్‌వౌండ్ గాళ్ళలో చెమట, మురికి చేరి కొలది నెలలలోనే నాదం మొద్దుబారుతుంది. పైగా ఆ గరుకుదనం మెట్లను అరగదీస్తుంది. ఫ్లాట్‌వౌండ్ తీగెలను వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి ఉంచితే ఏండ్ల తరబడి మన్నుతాయి. లెక్క వేసి చూస్తే లాభమే.

అన్ని సందర్భాలకూ ఇదే మేలని మా వాదం కాదు. బొటనవ్రేలితో తీగెను కొట్టి వాయించే నేటి పద్ధతికి, బేస్ ముందుకు వచ్చి పలుకవలసిన పాటకు రౌండ్‌వౌండ్ తీగెలే రాణిస్తాయి. అటువంటి పాటలో ఫ్లాట్‌వౌండ్ మందకొడిగా వినిపిస్తుంది. కాని మన వేదికపై ప్రధానమైనది గజల్, గీతం. రెండు భాషలలోను పాటకు ప్రాణం మాట.

మంద్రస్వరం ఇంటి పునాది వంటిది. పునాది కనిపించదు, అది గట్టిగా ఉన్నందువల్లనే గోడమీది చిత్తరువు నిలిచి కనిపిస్తుంది. రాబోయే వార్షికోత్సవంలో చిట్టచివరి వరుసలో కూర్చున్న తల్లికి తన బిడ్డ పాడే ప్రతి మాటా వినిపించిననాడు, ఈ తీగెలకు వెచ్చించిన సొమ్ము సద్వినియోగమైనదని మేము సంతృప్తి చెందగలము.