దెబ్బ తగిలితే ‘సీదా హైదరాబాద్’ ఎందుకు వద్దు?

బాన్సువాడ చుట్టుపక్కల బైకు ప్రమాదం జరిగితే చాలా ఇళ్లల్లో మొదటి మాట ‘కారు మాట్లాడండి, సీదా హైదరాబాద్ పోదాం’. పెద్ద దవాఖానా మంచిదే గానీ, రక్తం పోతున్న మనిషికి ఆ దూరమే ముప్పు.

‘క్రాష్-2’ అనే పరిశోధన ఈ సంగతే తేల్చింది. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రుల మీద జరిగింది, ఫలితాలు 2010లో వచ్చాయి. ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయి. కొత్త మందేం కాదు, నెలసరిలో రక్తం ఎక్కువ పోయే ఆడవాళ్లకు డాక్టర్లు రాసే మాత్ర ఇదే. గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోకుండా ఆపుతుంది.

అసలు కిటుకు టైములో ఉంది. గంటలోపు ఇస్తే రక్తం పోయి చనిపోవడం దాదాపు మూడో వంతు తగ్గింది. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు పోయి కీడే కనిపించింది. హైదరాబాద్ చేరేసరికి ఆ గడువు కాస్తా అయిపోవచ్చు.

కాబట్టి ముందు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా గాయం మీద శుభ్రమైన బట్ట గట్టిగా అదిమి పట్టాలి. పసుపు, కాఫీ పొడి వేయొద్దు, ఇన్ఫెక్షన్ వస్తుంది. దగ్గరున్న ఏరియా ఆస్పత్రిలో దెబ్బ ఎన్ని గంటలకు తగిలిందో తప్పక చెప్పాలి. ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటారు. ‘కేసులో ఇరుక్కుంటాం’ అని దారిన పోయేవాళ్లు వెనకాడక్కర్లేదు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది.