రేఖీయ సమీకరణం

బీజగణితములో చరరాశి యొక్క గరిష్ఠ ఘాతము ఒకటిగా గల సమీకరణాన్ని రేఖీయ సమీకరణం అంటారు. తెలియని రాశిని భాస్కరాచార్యుడు (12వ శతాబ్దం) "యావత్తావత్" అని పిలిచి, "యా" అని సంక్షిప్తంగా వ్రాశాడు.

పత్తికొండ ప్రాంతపు రైతు వద్ద "యా" క్వింటాళ్ళ పత్తి ఉన్నదనుకుందాం. ధర క్వింటాలుకు ఊరిలో 6,800 రూపాయలు, ఆదోని మార్కెట్ యార్డులో 7,000 రూపాయలు అనుకుందాం. ఆదోనికి బండి బాడుగ మొత్తం 1,200, హమాలీ ఖర్చు క్వింటాలుకు 50. అప్పుడు ఆదోనిలో చేతికందేది 6,950యా − 1,200, ఊరిలో 6,800యా. రెండూ సమానమైతే 150యా = 1,200, అనగా యా = 8. అంతకు తక్కువ పత్తితో ఆదోనికి పోవడం నష్టమే.

ఈ రాబడులు రెండూ "యా"కు రేఖీయ ప్రమేయాలు; గ్రాఫులో సరళరేఖలు. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే. పత్తి రెట్టింపైతే, అదే బండిలో పోయినంతవరకు, ఆదోని రాబడి రెట్టింపు కన్నా 1,200 ఎక్కువ అవుతుంది, బాడుగ ఒక్కసారే కనుక. మూలబిందువు గుండా పోయేది ఊరి అమ్మకపు రేఖ మాత్రమే.