కార్డొక్కటే చాలదు, దారి చెప్పేవారూ కావాలి

పరీక్ష పాసు కాగానే జిల్లా కేంద్రానికి బస్సెక్కి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకోవడం పల్లె కుర్రాళ్ళకు ఒకప్పుడు ఆనవాయితీ. కార్డును పట్టా కాగితాలతోపాటు పెట్టెలో దాచి, మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించి, పిలుపు కోసం ఎదురుచూసేవారు. గడువు దాటితే సీనియారిటీ పోయేది. ఆ ఎదురుచూపుల్లోనే వయోపరిమితి దాటి, సేద్యంలోనో కూలిలోనో కుదురుకున్నవారు అనేకులు.

ఈ కార్యాలయాలు 1945లో యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు పని చూపేందుకు వెలిశాయి. 1948 నుంచి అందరికీ పేరు నమోదు చేసుకునే వీలు కలిగింది. 1959 నాటి చట్టం ఖాళీలను తెలియజేయమన్నదే గాని, ఎక్స్ఛేంజి పంపినవారినే తీసుకోవాలని యజమానులను కట్టడి చేయలేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల వివాదంలో 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి జాబితాతో సరిపెట్టక పత్రికల్లోనూ ప్రకటించి, దరఖాస్తు చేసినవారందరినీ పరిశీలించాలన్నది. దానితో కార్డుకున్న పట్టు సడలింది.

సడలనిది సలహా అవసరం. ఎక్స్ఛేంజీల్లో పేర్లు రాసుకోవడంతోపాటు, ఏ చదువుకు ఏ పని దొరుకుతుందో చెప్పే వృత్తి మార్గదర్శక విభాగం కూడా ఉన్నది. చాలామంది ఆ గది దాకా వెళ్ళరు. అక్కడి అధికారి ఉద్యోగం ఇవ్వడు. ఏం చదివావు, చేతిపని ఏం వచ్చు, ఊరు విడిచి వెళ్ళగలవా, ఆడపిల్లనైతే ఇంట్లో హాస్టలుకు పంపుతారా అని అడుగుతాడు. జవాబును బట్టి దారి చెబుతాడు.

పదో తరగతి పాసైన కుర్రాడు ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చేస్తే, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో ఆర్టీసీ డిపోలో పని నేర్చుకోవచ్చు. ఈ మాట సకాలంలో చెప్పేవారుంటే ఇంటి దగ్గర ఖాళీగా గడిచే రెండు మూడేళ్ళు మిగులుతాయి. సర్టిఫికెట్లలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అన్నది కూడా ముందే చూసుకోవలసిన సంగతి. ఆఖరి నిమిషంలో బయటపడితే వచ్చిన అవకాశం చేజారుతుంది.

సలహా అందనిచోట దళారి చేరతాడు. ఉద్యోగం ఇప్పిస్తానని వేలు గుంజి మాయమవుతాడు. ఎక్స్ఛేంజిలో గాని, కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసులో గాని పేరు నమోదుకు రుసుము లేదు. డబ్బు అడిగినవాడిని అనుమానించవలసిందే.

పనిలేని కుర్రాడికి జిల్లా కేంద్రానికి బస్సు చార్జీ కూడా భారమే. సలహా చెప్పే అధికారి నెలకొకసారైనా మండల కేంద్రానికి వచ్చి కూర్చుంటే, పల్లెల్లోని నిరుద్యోగులకు ఎంతో మేలు జరుగుతుంది. అంతవరకు ఎక్స్ఛేంజికి వెళ్ళినవారు కార్డు తీసుకుని తిరిగిరాక, ఆ అధికారిని కలిసి తమ చదువుకు తగిన దారేదో అడిగి రావడం మంచిది.