ఇంటిపేరు గడి

2013 వేసవిలో మా ఆవిడ, నాలుగేళ్ళ మా అమ్మాయి ఇండియా నుంచి తిరిగి వస్తున్నారు. నాకు సెలవు దొరక్క ముందే వచ్చేశాను. దారిలో విమానం మారే చోట అధికారి ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాడట. తల్లిది ఇండియన్ పాస్‌పోర్టు, పిల్లది అమెరికన్ పాస్‌పోర్టు. తల్లి ఇంటిపేరు ఒకటి, పిల్లది ఇంకొకటి. "ఈ పిల్ల మీకేమవుతుంది?" అని అడిగాడట. "నా కూతురు" అంటే, "మరి పేరు కలవదేం?" అన్నాడట. పిల్లని కాస్త దూరంగా నిలబెట్టి, "వీళ్ళెవరు?" అని దాన్నీ అడిగారట. అది నిద్రమొహంతో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఏడుపు లంకించుకుంది. చేతిసంచీలో దాని బర్త్ సర్టిఫికెట్ నకలు ఉండబట్టి సరిపోయింది కానీ, ఆ పావుగంటా తన గుండె చేతిలో లేదని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

తప్పు ఆ అధికారిది కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఉన్న లోకంలో అడగవలసిన ప్రశ్నే అడిగాడు. తప్పు 1998లో సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసులో ఇవ్వడానికి నా దరఖాస్తు నింపినప్పుడే జరిగింది. అప్పట్లో అందరిలాగే నేనూ ఆ పని ఒక ట్రావెల్ ఏజెంటు చేతిలో పెట్టాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరు ముందు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండేది. దరఖాస్తులో పొడి అక్షరాలు రాయకూడదు. ఏజెంటు గారు ఆ అక్షరం తీసిపారేసి, వెంకట సత్యనారాయణ అన్నదంతా గివెన్ నేమ్ గడిలో రాసి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశారు. "ఏం ఫరవాలేదు సార్" అన్నారు.

ఇండియాలో నిజంగానే ఫరవాలేదు. ఫరవా అంతా విమానం దిగాకే మొదలవుతుంది. ఇండియన్ పాస్‌పోర్టులో పేరుకి రెండే గళ్ళు: సర్‌నేమ్, గివెన్ నేమ్. మిడిల్ నేమ్‌కి విడిగా చోటు లేదు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు, ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి తోసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్.ఎన్.యు. అని వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని అర్థం. మా రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే అచ్చయింది. ఆఫీసులో చేరిన కొత్తలో ఒకావిడ నన్ను "ఫ్నూ" అని ఎంతో ఆప్యాయంగా పిలిచేది. చైనీయుడిననుకుందేమో, నేను అడగలేదు.

దీంట్లో ఒక వింత ఉంది. మీ పాస్‌పోర్టు తీసి, ఫొటో ఉన్న పేజీ అడుగున చూడండి. వరసకి 44 అక్షరాల చొప్పున రెండు వరసలుంటాయి. యంత్రం చదివేది వాటినే. మొదటి వరసలో దేశం గుర్తు తరవాత ముందు వచ్చేది సర్‌నేమ్. ఆ వెనక బాణం ములుకుల్లాంటి గుర్తులు రెండు, ఆ తరవాత గివెన్ నేమ్. చల్లా వెంకట సత్యనారాయణ అనే పేరు సరిగ్గా నింపితే యంత్రం దాన్ని ముందు చల్లా, ఆ వెనక వెంకట సత్యనారాయణ అనే చదువుతుంది. అంటే మన తాతలు చెప్పుకున్న వరసలోనే! ప్రపంచంలోని పాస్‌పోర్టు యంత్రాలన్నీ తెలుగు పద్ధతిలో చదువుతుంటే, తెలుగువాళ్ళం మనం పేర్లు తిరగేసి రాసుకుని తంటాలు పడుతున్నాం.

ఈ తంటా అమెరికా వాళ్ళకే పరిమితం కాదు. 2022 నవంబరులో యు.ఎ.ఇ. వాళ్ళు పాస్‌పోర్టులో ఒకటే పేరున్న వాళ్ళని విజిటర్ వీసా మీద రానివ్వబోమన్నారు. తండ్రి పేరో ఇంటిపేరో చివరి పేజీలో ఉంటే ఒప్పుకుంటామని తరవాత సడలించారు. మలేషియాలో తెలుగువాళ్ళ కాగితాల్లో ఇంటిపేరు బదులు ఫలానా వారి కొడుకు, ఫలానా వారి కూతురు అని తండ్రి పేరు వస్తుంది. దక్షిణాఫ్రికాలో నాయుడు అన్న మాటే తరతరాల ఇంటిపేరైపోయింది. మనమూ అదే దారిలో ఉన్నామని నాకు ఆలస్యంగా తెలిసింది.

2008లో నా పాస్‌పోర్టు గడువు తీరింది. రెన్యూవల్ అని మనం అంటాం కానీ, పాత పుస్తకానికి గడువు పొడిగించడం ఉండదు. కొత్త నంబరుతో కొత్త పుస్తకమే ఇస్తారు, దాన్ని రీ-ఇష్యూ అంటారు. పేరు సరిచేయించుకోవడానికి అదే సరైన సమయం. కానీ నేను భయపడ్డాను. వీసా, లైసెన్సు, బ్యాంకు, గ్రీన్ కార్డు దరఖాస్తు, అన్నీ ఆ పేరు తెలియని పెద్దమనిషి మీదే ఉన్నాయి. ఒకటి కదిపితే అన్నీ కదులుతాయని అలాగే వదిలేశాను. మర్నాడు చూద్దామనుకున్న పని పదేళ్ళు సాగింది. 2009లో అమ్మాయి పుట్టింది. ఆసుపత్రిలో కాగితం నింపే ఆవిడ నా లైసెన్సు చూసి, "లాస్ట్ నేమ్ సత్యనారాయణ, అవునా?" అంది. రాత్రంతా నిద్ర లేదు, అవునన్నాను. ఆడపిల్లకి ఇంటిపేరు సత్యనారాయణ అయింది. మా అమ్మ ఫోన్లో విని నవ్వి, "మరి ప్రసాదం ఎప్పుడురా?" అంది.

మా ఆవిడ పాస్‌పోర్టులో వాళ్ళ పుట్టింటి పేరే ఉంది. మార్చుకుంటావా అని ఒకసారి అడిగాను. "మీ ఇంటిపేరు మీ పాస్‌పోర్టులోనే లేదు, నేను దేనికి మారను?" అంది. అడగడం మానేశాను. నిజానికి అదే మేలయింది. అమెరికాలో బర్త్ సర్టిఫికెట్‌లో తల్లికి పెళ్ళికి ముందున్న పేరే రాస్తారు. విమానాశ్రయంలో ఆ కాగితం మీది పేరూ, ఆవిడ పాస్‌పోర్టులో పేరూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. పెళ్ళయ్యాక పేరు మార్చుకున్నవాళ్ళు పిల్లలతో ప్రయాణం చేసేటప్పుడూ, పిల్లలకి ఓ.సి.ఐ. కార్డుకి పెట్టేటప్పుడూ పెళ్ళి సర్టిఫికెట్ కూడా దగ్గర ఉంచుకోవాలి. తల్లిగానీ తండ్రిగానీ ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే, రెండోవారి సమ్మతి ఉత్తరం నోటరీ చేయించి పట్టుకెళ్ళండి. అడిగినా అడగకపోయినా దానికయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

పేరు సంగతి కాస్త ఆపి గడువు గురించి ఒక మాట చెప్పాలి. దీనివల్ల మా మిత్రుడొకాయన నిజంగా దెబ్బతిన్నాడు. ఆయన హెచ్-1బి అనుమతికి ఇంకా రెండేళ్ళుంది, పాస్‌పోర్టుకి మాత్రం ఎనిమిది నెలలే. 2015లో ఇండియా వెళ్ళి వచ్చాడు. దిగిన చోట అధికారి ఐ-94ని పాస్‌పోర్టు గడువు తేదీ దాకానే ఇచ్చాడు. తరచు అలాగే ఇస్తారు. 2013 దాకా ఐ-94 ఒక కాగితం ముక్కగా పాస్‌పోర్టులో కుట్టి ఉండేది, కంటికి కనిపించేది. ఆ తరవాత విమానంలో వచ్చేవాళ్ళకి అది ఇంటర్నెట్‌లోకి పోయింది. ఆయన చూసుకోలేదు. కొత్త పాస్‌పోర్టు తెప్పించుకుని నిశ్చింతగా ఉన్నాడు. పాస్‌పోర్టు కొత్తదైనా ఐ-94 తనంతట తాను పెరగదు. లాయరు పట్టుకునేసరికి నాలుగు నెలలు అనుమతి లేకుండా ఉన్నట్టు లెక్క తేలింది. 180 రోజులు దాటి ఉంటే వెళ్ళాక మూడేళ్ళు తిరిగి రానిచ్చేవారు కాదు. దాటలేదు కాబట్టి, భార్యాపిల్లల్ని ఇక్కడే వదిలి హైదరాబాదు వెళ్ళి కొత్త వీసా వేయించుకుని వచ్చాడు. అందుకని, అమెరికాలో దిగిన రోజే ఐ-94 తీసి చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టుకి గడువు ఏడాది ఉండగానే రీ-ఇష్యూకి పెట్టుకోవచ్చు. గడువు తీరి మూడేళ్ళు దాటనిచ్చారంటే దరఖాస్తులో వేరే తరగతి కిందికి పోతారు. పాత పాస్‌పోర్టు రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. అందులో వీసాకి ఇంకా గడువుంటే అది చెల్లుతుంది, రెండూ కలిపి పట్టుకెళ్ళాలి. పాతదాన్ని చించి పారేసినవాళ్ళూ నాకు తెలుసు!

2018లో నా వంతు మళ్ళీ వచ్చింది. ఈసారి వదలదలుచుకోలేదు. తెలుసుకుంటే తేలిందేమిటంటే, ఉన్న పేరులో అక్షరం మారకుండా రెండు గళ్ళలోకి విడదీయించుకోవడం తేలిక. లేని ఇంటిపేరు కొత్తగా చేర్చడం మాత్రం పేరు మార్పు కింద లెక్క. అఫిడవిట్లు, పత్రికల్లో ప్రకటనలు, ఆ తరవాత ఇక్కడ ప్రతి కాగితమూ మార్చడం. పైగా ఇంటిపేరు చేరిస్తే అమ్మాయి పేరుతో నా పేరూ కలవదు. అప్పటికి దాని బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, బడి రికార్డులు అన్నీ సత్యనారాయణే. నాలుగు రోజులు ఆ గడి ముందు కూర్చున్నాను. చివరికి సర్‌నేమ్ దగ్గర సత్యనారాయణ, గివెన్ నేమ్ దగ్గర వెంకట అని నింపాను. ఎఫ్.ఎన్.యు. పోయింది. తండ్రీకూతుళ్ళ పేరు కలిసింది. మా ఇంటిపేరు ఇప్పుడు నా పాస్‌పోర్టులో ఒకే ఒక్క చోట ఉంది, చివరి పేజీలో మా నాన్నగారి పేరు ముందు.

మీలో కొత్తగా వచ్చినవాళ్ళు, ఇంకా పిల్లలు పుట్టనివాళ్ళు ఈ పని ఇప్పుడే చేసుకోండి. పౌరసత్వం దాకా ఆగుదామనుకునేవారికి ఇంకో దారి ఉంది. అమెరికా పౌరసత్వపు దరఖాస్తులోనే పేరు మార్పు కోరవచ్చు, ప్రమాణం కోర్టులో జరిగితే అక్కడే ఖాయం చేస్తారు. కాకపోతే ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ సర్టిఫికెట్ పాత పేరు మీద, ఓ.సి.ఐ. కొత్త పేరు మీద వస్తాయి. రెండూ ఒకరేనని చూపించే ఆ కోర్టు కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

2025లో అమ్మాయికి పదహారు నిండాయి. అమెరికాలో పదహారు దాటితే అయిదేళ్ళది కాకుండా పదేళ్ళ పాస్‌పోర్టు ఇస్తారు. దరఖాస్తు అదే నింపుకుంది. మధ్యలో పెన్ను ఆపి, "మన అసలు లాస్ట్ నేమ్ ఏంటి నాన్నా?" అని అడిగింది. చెప్పాను. పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి సరిగ్గా అంది. మిడిల్ నేమ్ గడిలో అది రాయొచ్చా అని అడిగింది. దానికి కోర్టు ఉత్తర్వు కావాలన్నాను.

"ఎంతవుతుంది?" అంది.