సూర్యుడి రేడియేషన్‌ను ముందే పసిగట్టడం ఎలా?

1972 ఏప్రిల్‌లో అపోలో-16 వ్యోమగాములు చంద్రుడి మీద నుంచి క్షేమంగా తిరిగొచ్చారు. డిసెంబరులో అపోలో-17 బయలుదేరింది. ఈ రెండింటి మధ్య, ఆగస్టు 4న, సూర్యుడి నుంచి ప్రోటాన్ల ఉప్పెన వచ్చింది. అప్పుడు ఎవరైనా స్పేస్ సూట్‌తో చంద్రుడి నేల మీద తిరుగుతూ ఉంటే రేడియేషన్‌తో తీవ్రంగా జబ్బుపడేవారని శాస్త్రవేత్తల అంచనా. అదృష్టం బాగుండి ఎవరూ లేరు. మళ్లీ చంద్రుడి మీదికి మనుషులను పంపే పనిలో ఉన్నవారు అదృష్టాన్ని నమ్ముకోలేరు కదా! అందుకే కంప్యూటర్ మోడళ్లు.

పిల్లలు అడిగితే ముందు ఈ మాట చెప్పండి: నేల మీదున్న మనకు భయం లేదు. భూమి అయస్కాంత క్షేత్రం, వాతావరణం మనకు రక్షణ. ప్రమాదం వ్యోమగాములకు, ఉపగ్రహాలకు.

బంగాళాఖాతంలో తుఫాను పుడితే రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. ఇక్కడ అంత వ్యవధి ఉండదు. సూర్యుడి మీద పేలుడు జరిగిన వెలుగు మనకు చేరడానికే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. అత్యంత వేగంగా వచ్చే ప్రోటాన్లు కొన్నిసార్లు అరగంటలోపే వచ్చేస్తాయి.

అయితే ప్రతి పేలుడూ మనల్ని తాకదు. దీపావళికి భూచక్రం తిరిగేటప్పుడు నిప్పురవ్వలు వంపు తిరిగిన చారల్లా కనిపిస్తాయి కదా! సూర్యుడూ తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, అతని నుంచి బయటికి సాగే అయస్కాంత రేఖలు అలాగే వంపు తిరుగుతాయి. ప్రోటాన్లు ఆ రేఖల వెంటే ప్రయాణిస్తాయి. అందువల్ల సరిగ్గా మనకు ఎదురుగా జరిగిన పేలుడు కంటే, సూర్యుడి పడమటి వైపు జరిగినదే ఎక్కువగా మన వైపు వస్తుంది. కొన్ని మోడళ్లు ఈ దారిని భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కగడతాయి.

మరికొన్ని పాత రికార్డుల నుంచి నేర్చుకుంటాయి. చిక్కేమిటంటే ఇలాంటి ఉప్పెనలు అరుదు. రోజూ “ఈరోజు ఏమీ రాదు” అని చెప్పే మోడల్‌కు కూడా ఏడాది చివర మంచి మార్కులే వస్తాయి. అసలు అవసరమైన రోజున మాత్రం ఫెయిలవుతుంది. మార్కుల శాతం చూసి మోసపోకూడని చోటు ఇది. అలాగని ఊరికే హెచ్చరిస్తూ పోతే వ్యోమగాములు ప్రతిసారీ పని ఆపి లోపలికి పరుగెత్తాలి.

నాకు బాగా నచ్చిన ఉపాయం వేరే ఉంది. ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల కంటే ఎంతో తేలిక, అందుకే ముందుగా వస్తాయి. సోహో వ్యోమనౌకలోని పరికరం వాటి పెరుగుదలను గమనిస్తే, వెనక వచ్చే ప్రోటాన్ల గురించి గంట వరకు ముందే చెప్పే వీలుంది. వ్యోమగాములు దట్టమైన గోడల చాటుకు చేరడానికి ఆ గంట ఎంతో విలువైనది.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 కూడా భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఇలాంటి కణాలను కొలుస్తోంది.

నాసా వారి ఎస్‌డీవో వెబ్‌సైట్‌లో ఏరోజుకారోజు సూర్యుడి ఫొటోలు ఉంటాయి. పిల్లలతో కలిసి చూడండి. ఫొటోలో కుడి సగమే పడమటి వైపు. అక్కడ పెద్ద నల్లమచ్చల గుంపు ఉందేమో వెతకమనండి. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడనివ్వకండి.