స్వలింగ వివాహం: తటపటాయింపు వెనక ఉన్న అపోహలు

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో స్వలింగ వివాహం మాటెత్తితే తిట్లకన్నా తటపటాయింపే నాకు ఎక్కువగా వినబడుతుంది. “ఎవరి బతుకు వాళ్లది, మనకేంది? గని పెండ్లి ఎందుకు?” అంటారు. ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల చెవిన పడిన సమాచారంలోనే తప్పులున్నాయి.

అపోహ: కోర్టు ఒప్పుకుంటే గుళ్లో అయ్యగారు ఈ పెండ్లి చేయాల్సిందే.

వాస్తవం: సుప్రీంకోర్టులో ఈ కేసుకు పేరొచ్చింది హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌ల వల్లే. 2022లో వాళ్లడిగింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్. అంటే ఆఫీసులో దరఖాస్తు, 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షుల సంతకాలు. అందులో పురోహితుడు, ఖాజీ, పాస్టర్ ఊసే లేదు.

అపోహ: 2023 తీర్పుతో కలిసి ఉండటం కూడా నేరమైంది.

వాస్తవం: కాలేదు. స్వలింగ సంబంధం నేరం కాదన్న సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6 నాటి తీర్పు చెక్కుచెదరలేదు. 2023 అక్టోబర్ 17న సుప్రియో జంట కేసులో ధర్మాసనం చెప్పింది పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయడం పార్లమెంటు పనని. 2024లో కేంద్రం ఇలాంటి జంటలకు బ్యాంకులో జాయింట్ ఖాతాకు, నామినీకి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. కానీ వీలునామా రాయకుండా ఒకరు పోతే, కలిసి కొన్న ఇంట్లో వాళ్ల వాటా రెండోవాళ్లకు రాదు.

అపోహ: ఇది హిజ్రాల సంగతి, పైగా పరాయి పోకడ.

వాస్తవం: హిజ్రా కావడం, స్వలింగ ఆకర్షణ రెండూ వేరు. ట్రాన్స్ మహిళ పురుషుణ్ని పెళ్లాడితే ఇప్పటి చట్టాల కిందే చెల్లుతుందని 2023 తీర్పే చెప్పింది. ఇక పరాయి పోకడంటారా, ఆడ-మగ చట్రంలో ఇమడని పెళ్లి మనకు కొత్త కాదు; శ్రీరామనవమికి వేములవాడ రాజన్న (శివుడి) గుడికి వెళ్లి చూడండి. ఓ పక్క సీతారాముల కల్యాణం జరుగుతుంటే శివసత్తులు (శివుడికి అంకితమైన భక్తురాళ్లు), హిజ్రాలు త్రిశూలం పట్టుకుని రాజన్నను వరించి తలంబ్రాలు పోసుకుంటారు. చుట్టూ ఉన్న భక్తజనం చేతులెత్తి మొక్కుతారు.

అపోహ: పెండ్లి చేస్తే దారికొస్తడు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ మాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ‘మార్చేస్తాం’ అంటూ చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. అయినా సంబంధాలు చూస్తారు, కట్నం మాట్లాడతారు, పిల్లకు మాత్రం చెప్పరు. మొగుడు ఎందుకు దగ్గరికి రావడం లేదో తెలియక ఆమె తనలోనే లోపం వెతుక్కుంటుంది. ఏడాది తిరక్కుండానే ‘ఇంకా విశేషం లేదా’ అని అందరూ అడిగేదీ ఆమెనే. మీ ఇంట్లో కొడుకో కూతురో నోరు తెరిచి చెబితే ముందు సంబంధాలు చూడటం ఆపండి. మనసు ఒప్పకపోతే, పిల్లల్ని కాదు, మీరే వెళ్లి మానసిక వైద్యుణ్ని అడగండి.